"నియమించెను" అను క్రియాపదము: ఎఫెసీ 4:11-12 తెలుగు పాఠముపై ఒక విమర్శ

ఆత్మవరములను గూర్చి, పరిచర్య బాధ్యతలను గూర్చి మన సంఘములలో ప్రసంగములకు కొదువ లేదు. అయితే ఆ ప్రసంగములన్నిటికి ఆధారమైన తెలుగు పాఠమునే ఆగి చదివిన సందర్భములు తక్కువ. ఈ వ్యాసములో మేము ప్రధానముగా ఒక్క క్రియాపదమును పరిశీలించదలచినాము. ఎఫెసీ 4:11లో క్రీస్తు కొందరిని అపొస్తలులుగాను, ప్రవక్తలుగాను, సువార్తికులుగాను, కాపరులును ఉపదేశకులునుగాను ఏమి చేసెను? మన వాడుకలోనున్న పాత అనువాదము "నియమించెను" అంటున్నది. గ్రీకు మూలములో ఉన్నది "ఎడోకెన్", అనగా "ఇచ్చెను".

తేడా చిన్నదే కదా అని తోచవచ్చు. ఇచ్చినవాడు ఆయనే, నియమించినవాడును ఆయనే. అయితే 8వ వచనమునుండి చదువుకొని రావలెను. పౌలు అక్కడ 68వ కీర్తనను ఎత్తుకొంటాడు. ఆ కీర్తన 18వ వచనములో, జయించి ఆరోహణమైన ప్రభువు మనుష్యులనుండి కానుకలు తీసుకొన్నట్లున్నది. పౌలు దానిని తిరగవేసి, ఆయన మనుష్యులకు ఇచ్చెనని రాస్తాడు. పౌలు సొంతముగా మార్చినాడా, యూదుల వ్యాఖ్యాన సంప్రదాయమొకటి ఆయనకు ముందే అలా చదివినదా అనునది పండితుల చర్చ. ఏదైనను, ఆ వాక్యభాగమంతయు "ఇచ్చెను" అను మాట మీదనే నిలిచియున్నదనుటలో సందేహము లేదు. 9, 10 వచనములలో ఆరోహణ అవరోహణములను వివరించి, 11లో అదే క్రియను మరల తీసుకొని, ఇచ్చినది ఎవరినో చెప్తాడు. మన అనువాదకులు 8వ వచనములో "ఈవులు" అన్నారు. "ఇచ్చు" అను మాటకు చుట్టమైన చక్కని తెలుగు మాట అది. ఆ మాట ఎంచినవారే మూడు వచనములు దాటేసరికి క్రియ మార్చివేసినందున, ఆ ఈవులు ఏవో తెలుగు చదువరికి తెలియకుండ పోయినది. అపొస్తలుడు, కాపరి, ఉపదేశకుడు, వీరే ఆ ఈవులు. వరము పొందినవారని వారిని గూర్చి చెప్పుట ఇక్కడ పౌలు ఉద్దేశము కాదు. వారే సంఘమునకు ఇవ్వబడిన వరము.

1 కొరింథీ 12:28లో "నియమించెను" అనుట సరియైనదే. అక్కడ గ్రీకు క్రియ "ఎథెతో", అనగా ఉంచెను, ఏర్పరచెను. రెండు వేర్వేరు క్రియలకు ఒకే తెలుగు మాట వేసినందున రెండు వాక్యభాగములు ఒకే రంగు పులుముకొన్నవి. ఆ రంగు ఉద్యోగపు రంగు. నియామకము అనగానే మన మనస్సులో ఉత్తర్వు, కుర్చీ, పైఅధికారి, క్రిందివాడు మెదలుతారు. ఈవి అనగానే మెదలేది అందుకొనేవారి చేయి. మేము కూడ ఆ నియామకపు నీడలో బ్రతికినవారమే. అభిషేక ఆరాధనలలో ఈ వచనముపై మేము చేసిన ప్రసంగములు ఒకటి రెండు కావు. వాటన్నిటిలోను అభిషేకము పొందుచున్న యువకుని గూర్చియే మాట్లాడినాము గాని, ఎదుట కూర్చున్న సంఘమునకు ఏమి ఇవ్వబడుచున్నదో చెప్పిన జ్ఞాపకము లేదు.

అనువాదకులకు రావలసిన మెప్పు కూడ ఇవ్వవలెను. నేడు "పంచవిధ పరిచర్య" అను మాట గోడపత్రికలమీద, ఫ్లెక్సీలమీద విరివిగా కనబడుచున్నది. పాత అనువాదము తెరచి "కొందరిని" అను మాట 11వ వచనములో ఎన్నిసార్లున్నదో లెక్కించండి. నాలుగే. కాపరులకును ఉపదేశకులకును కలిపి ఒక్క "కొందరిని" చాలించినారు, ఏలయనగా గ్రీకులో ఆ రెంటికి ఒకే ఆర్టికల్ ఉన్నది. ఇద్దరును ఒక్కరేనని దీనివలన రుజువు కాదు, దగ్గరి సంబంధము మాత్రము తెలుస్తుంది. అయిదు వేళ్లు చూపించి అయిదు పదవులు పంచేవారు ఈ సంగతిని కొంచెము ఆలోచిస్తే బాగుండును.

ఇక 12వ వచనము. ఇక్కడ గొడవ ఒక కామా గురించి. పరిశుద్ధులను సిద్ధపరచుట, పరిచర్య పని, క్రీస్తు శరీరాభివృద్ధి అను మూడు మాటలు గ్రీకులో వరుసగా ఉన్నవి. ఇవి మూడును నాయకుల పనులేనా? లేక నాయకులు పరిశుద్ధులను సిద్ధపరుస్తారు, పరిచర్య చేయునది ఆ పరిశుద్ధులా? కింగ్ జేమ్స్ అనువాదము "పరిశుద్ధులు" తరువాత కామా పెట్టినది. 1903లో ఆర్మిటేజ్ రాబిన్సన్ తన వ్యాఖ్యానములో ఆ కామా తగదన్నాడు. రివైజ్డ్ స్టాండర్డ్ అనువాదము 1946లో కామా ఉంచి 1971లో తీసివేసినది. ఇప్పుడు ఎక్కువమంది ఆ పక్షమే. అయితే 1990లో ఆండ్రూ లింకన్ తన వ్యాఖ్యానములో మూడును నాయకుల పనులేనని గట్టిగా వాదించినాడు. అదే సంవత్సరము జాన్ కాలిన్స్, "దియకోనియ" అనగా కేవలము వినయపూర్వకమైన ఊడిగము కాదని, ఒకని పక్షమున అప్పగింపబడిన పని అని పురాతన గ్రంథములను పరిశీలించి చూపినాడు. వీరి వాదనలను తేలికగా కొట్టివేయలేము.

తెలుగు పాఠము ఈ రెండు పక్షములలో దేనికిని పూర్తిగా చెందదు. శరీరాభివృద్ధిని ముందుకు తెచ్చి, "పరిచర్య ధర్మము" అనుదానిని చివరకు నెట్టి, పరిశుద్ధులకును పరిచర్యకును మధ్య దూరము పెంచినది. పరిశుద్ధులు సంపూర్ణులవుతారు, పరిచర్య ఎవరో జరుపుతారు. "సంపూర్ణులు" అను మాట కూడ కొంత దారి తప్పిస్తుంది. మూలపదము "కతర్తిస్మోస్". దాని క్రియారూపమే మార్కు 1:19లో జెబెదయి కుమారులు వలలు బాగుచేసుకొనుట గూర్చి వాడబడినది. మన కోస్తా తీరమున ఏ పల్లెకారుని అడిగినా చెప్తాడు, వల బాగుచేసేది చుట్టి దాచుటకు కాదు, మరల నీటిలో వేయుటకే. కామా విషయములో లింకన్‌దే న్యాయమని ఒప్పుకొన్నను మా వాదము పడిపోదు. 7వ వచనము ప్రతివానికిని కృప ఇవ్వబడినదంటున్నది. 16వ వచనము ప్రతి అవయవము తన పని చేస్తేనే శరీరము పెరుగుతుందంటున్నది. కామా ఎక్కడ పెట్టినను ఈ రెండు వచనములు చెరిగిపోవు.

ఈ చర్చ వ్యాకరణముతో ముగిసేది కాదు. తెలుగు సంఘము పుట్టిన తీరే దీనికి సాక్ష్యము. 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య తోలు వర్తకుడు. ఆయన, ఆయన భార్య నాగమ్మ తాళ్లకొండపాడు పరిసరములలోని మాదిగ పల్లెలలో తాము విన్నది చెప్పుకొంటూ పోయినారు. మరుసటి సంవత్సరము జాన్ క్లౌ అక్కడికి వెళ్లేసరికి వినుటకు జనము సిద్ధముగా ఉన్నారు. పేరయ్య ఏ నియామకపత్రము చూపించి మొదలుపెట్టలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినది తెలుగు బోధకులే. చరిత్రలో క్లౌ పేరు నిలిచినది, నిలువవలసినదే. కాని ఈవి ముందు వచ్చినది, పదవి వెనుక వచ్చినది.

"వరము" అను మాట గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. "ఖరిస్మా" అను పదములోనే "ఖరిస్", అనగా కృప, ఉన్నది. అందుచేతనే అనువాదకులు జాగ్రత్తగా "కృపావరము" అన్నారు. వాడుకలో ముందు సగము రాలిపోయి "వరము" మిగిలినది. మన పురాణకథలలో వరము తపస్సు చేసి సంపాదించేది. హిరణ్యకశిపుడు సంపాదించినాడు, భస్మాసురుడు సంపాదించినాడు. ఇచ్చిన దేవుడే వెనక్కు తీసుకొనలేనట్లు అది వాని సొత్తయిపోతుంది. నలువది దినములు ఉపవాసముండి స్వస్థతవరము "సాధించిన" దైవజనుడని మనవారు చెప్పుకొనునప్పుడు మాట్లాడుచున్నది పౌలా, పురాణమా అని మాకు అనుమానము కలుగుతుంది.

వరములను లెక్కపెట్టే అలవాటు మరొకటి. పీటర్ వాగ్నర్ 1979 నాటి తన పుస్తకములో 27 వరములను లెక్కించినాడు. అటువంటి ప్రశ్నావళులు మన సెమినార్లలోనికి కూడ వచ్చినవి. ఒక యువకుడు అట్టి ప్రశ్నావళి నింపి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, నాకు అపొస్తలత్వానికీ ప్రవచనానికీ మార్కులు సమానంగా వచ్చాయి, ఏది పెట్టుకోమంటారు?" అని అడిగినాడు. అదే సంఘములో ఒక వృద్ధురాలు ప్రతి ఆదివారము ఆరాధన కాగానే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, తోడు లేని రోగుల దగ్గర కూర్చొని, గంజి తాగించి, ప్రార్థన చేసి వస్తుంది. ఆమె వరమేదని అడిగినాము. "నాకు వరాలేంటి అయ్యగారూ, ఊరికే పోయొస్తుంటాను" అన్నది. 1 కొరింథీ 12:28లో "ఉపకారములు" అను మాట ఉన్నదని, అద్భుతముల జాబితాలోనే ఉన్నదని, ఆమెకు ఎవరును చెప్పలేదు. చెప్పవలసినవారము మేమే.

అదే వచనములో ఉపకారముల ప్రక్కన "ప్రభుత్వములు" అను మాట ఉన్నది. గ్రీకు పదము "కుబెర్నేసిస్", అనగా చుక్కాని పట్టుట. అపొస్తలుల కార్యములు 27:11లో ఆ పనివాడే కనబడతాడు, మన అనువాదము ఆయనను "నావికుడు" అన్నది. అక్కడ ఓడ యజమానుడు వేరుగా ఉన్నాడు. గోదావరి లాంచీ ఎక్కినవారికి సరంగు అంటే ఎవరో తెలుసు. లాంచీ అతనిది కాదు, నదియు అతనిది కాదు. ఇసుక తిన్నెలు ఎక్కడున్నవో మాత్రము అతనికి తెలుసు. "ప్రభుత్వము" అను మాట ఆ సరంగును ఏలికగా మార్చినది. సవరణ పనిలోనున్నవారు మొదట ముట్టుకోవలసిన మాట ఇదేనని మా అభిప్రాయము.

మా బైబిలు అధ్యయనములో మేము ఎఫెసీ 4ను "ఇచ్చెను" అను క్రియతో చదివి వినిపించినాము. కొంతసేపు ఎవరును మాట్లాడలేదు. చివరకు ఒక పెద్ద లేచి, "అయితే అయ్యగారూ, ప్రభువు మిమ్మల్ని మాకు ఈవిగా ఇచ్చాడన్నమాట. మరి మూడేళ్లకోసారి ఆ ఈవిని బదిలీ చేసేదెవరు?" అన్నాడు. అందరును నవ్వినారు, మేమును నవ్వినాము. ఆయన మాత్రము నవ్వలేదు. ఆ ప్రశ్నకు మేము ఇంకను సమాధానము చెప్పలేదు.