కళ్లు తెరవని ఆమె

ఫ్రాంకెన్‌స్టైన్ అనగానే చాలామందికి మెడకి బోల్టులున్న రాక్షసుడు గుర్తొస్తాడు. అది 1931 నాటి సినిమా ఇచ్చిన రూపం. నవలలో అది ఆ జీవిని తయారుచేసిన కుర్రవాడి ఇంటిపేరు. జీవికి అసలు పేరే లేదు.

1816లో ఈ నవల మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి పద్దెనిమిదేళ్లు. తల్లి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈమెని కన్న పదకొండు రోజులకే చనిపోయింది. 1815లో నెలలు నిండకుండా పుట్టిన తన తొలి ఆడబిడ్డా దక్కలేదు. ఆ బిడ్డని మంట దగ్గర పెట్టి రుద్దితే మళ్లీ బతికినట్టు కలగన్నానని డైరీలో రాసుకుంది. 1976లో ఎలెన్ మోయర్స్ ఈ నవలని ప్రసవభయాల కథగా చదివింది. విలువైన పఠనమే. కానీ అక్కడే ఆగిపోతే, స్త్రీ ఏం రాసినా గర్భసంచిలోంచే రాస్తుందనే పాతమాటకి మనమే వంతపాడినట్టు కాదూ? 1818లో రచయిత పేరు లేకుండా పుస్తకం వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ దాన్ని ఆమె భర్త రచన అనుకుని సమీక్షించాడు. ఆలోచనైతే మగవాడిది, నొప్పైతే ఆడదానిది!

నా దృష్టిలో నవలకి ఆయువుపట్టు ఆర్క్నీ దీవుల్లోని ఘట్టం. తోడు కావాలని జీవి పట్టుబడితే, విక్టర్ ఒక ఆడజీవిని తయారుచేయడానికి ఒప్పుకుంటాడు. పని సగంలో ఉండగా అనుమానాలు మొదలవుతాయి. మనుషులకి దూరంగా దక్షిణ అమెరికా వెళ్లిపోతానని అతను మాటిచ్చాడు, ఆమె ఇవ్వలేదు కదా! తను పుట్టకముందే కుదిరిన ఒప్పందానికి ఆమె ఎందుకు కట్టుబడుతుంది? అతన్ని అసహ్యించుకుంటే? వదిలేసి పోతే? పిల్లల్ని కంటే? కిటికీలోంచి అతను చూస్తుండగానే విక్టర్ ఆ శరీరాన్ని ముక్కలు చేసేస్తాడు.

తానూ మనసున్నవాడినేనని ఒప్పించడానికి మగజీవి ఎంత తంటాలు పడ్డాడని! ఒక ఇంటిని ఆనుకునున్న కొట్టంలో నక్కి భాష నేర్చాడు. మిల్టన్‌ని చదివాడు. మంచుకొండల మీద పేజీలకి పేజీలు వాదించాడు. అయినా విక్టర్‌కి అతను దయ్యమే. ఆమె విషయంలో ఏ వాదనా అవసరం కాలేదు. కళ్లు తెరవకముందే ఆమెకి సొంత బుద్ధి ఉంటుందనీ, కాదనగలదనీ అతను ఊహించగలిగాడు. ఆమెని మనిషిగా గుర్తించిన క్షణం అదొక్కటే. చంపడానికి కారణమూ అదే.

ఒంటరితనం గురించి ఆ జీవి చెప్పుకునే మాటలు చదివితే ఎవరికైనా గుండె కరుగుతుంది. నాకూ కరిగింది. కానీ తనలాగే వికారంగా ఉండే ఆడది తనని కాదనదని అతని ధీమా. అందం లేనిదానికి ఎంచుకునే హక్కెందుకన్న ఈ లెక్క మనం పెళ్లిచూపుల్లో విననిదా?

1935 నాటి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' సినిమా ఆమెకి ప్రాణం పోసింది. ఆ పాత్రనీ, సినిమా మొదట్లో కనిపించే మేరీ షెల్లీనీ ఎల్సా లాంచెస్టర్ ఒక్కతే వేసింది. మేరీకి మాటలున్నాయి, ఈమెకి ఒక్కటీ లేదు. తనకోసం చెయ్యి చాచినవాణ్ణి చూసి అరుస్తుంది, అంతే. కాసేపటికే అతను మీట లాగి, ఆమెతో సహా ఆ కట్టడాన్నంతా పేల్చేస్తాడు.