టోపీ కింద మనిషి

ఒక కళాకారుడి చిత్రపటం ముందు నిలబడినప్పుడు మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. గీసింది ఎవరు? ఎవరి కోసం గీశారు? బొమ్మలోకి రానిది ఏమిటి? ఈ ప్రశ్నలతో అమెరికా నల్లజాతి సంగీతకారుడు థెలోనియస్ మంక్ చిత్రాన్ని చూద్దాం.

మంక్ 1917లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబంతో న్యూయార్క్ చేరారు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి పుట్టించి పెంచిన జాజ్ సంగీతంలో ఆయన పియానో వాయించారు, కొత్త బాణీలు కట్టారు, సొంత బృందాన్ని నడిపారు. 1951లో ఆయన మీద మత్తుమందు కేసు పెట్టి, న్యూయార్క్ క్లబ్బుల్లో వాయించడానికి కావలసిన అనుమతి కార్డును తీసేసుకున్నారు. 1957 దాకా అది తిరిగి రాలేదు. అన్నేళ్లూ తాను పెరిగిన నగరంలోని క్లబ్బుల్లోనే ఆయనకు పని దొరకడం కష్టమైంది.

అలాంటి మనిషి ముఖం 1964 ఫిబ్రవరి 28 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. గీసింది బోరిస్ షల్యాపిన్. ఆయన రష్యాకు చెందిన పేరున్న గాయకుడు ఫ్యోదర్ షల్యాపిన్ కొడుకు. ఆ పత్రికకు 400కు పైగా ముఖచిత్రాలు గీశారు. మంక్ బొమ్మ 1963 నవంబరులోనే రావలసింది. అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరగడంతో వాయిదా పడింది. ఆ చిత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది.

చిత్రంలో మంక్ తల మీద టోపీ ఉంది, చిన్న గడ్డం ఉంది. నల్లవాళ్లను పళ్లికిలించే ఆటబొమ్మలుగా గీసే పాడు అలవాటు అమెరికాలో చాలాకాలం సాగింది. షల్యాపిన్ ఆ దారిలో పోలేదు. ఆలోచన ఉన్న మనిషిగా గీశారు. ఆ మర్యాదను మనం ఒప్పుకోవాలి.

చిక్కంతా లోపలి పేజీల్లో ఉంది. వ్యాసం పేరుకు అర్థం 'అందరికన్నా ఒంటరి మంక్'. ఇంగ్లీషులో మంక్ అంటే సన్యాసి కూడా, అందుకే ఆ మాటల ఆట. ఆయన టోపీలు, మౌనం, వేదిక మీద లేచి గుండ్రంగా తిరగడం, మత్తుమందులు ఇవన్నీ అందులోకి ఎక్కాయి. చదివినవాళ్లకు సంగీతం కన్నా వింత మనిషే ఎక్కువ గుర్తుంటాడు. అది చదివాక ముఖచిత్రం మీది టోపీ కూడా వింత వస్తువైపోతుంది.

నిజానికి ఆయన ఒంటరి కాదు. భార్య నెల్లీ ఉన్నారు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. సాక్సఫోన్ వాయించే చార్లీ రౌజ్ 1959 నుంచి పదేళ్లకు పైగా ఆయన బృందంలో ఉన్నారు. 1963 డిసెంబరులో, ముఖచిత్రం రావడానికి రెండు నెలల ముందే, న్యూయార్క్‌లోని ఫిల్హార్మోనిక్ హాల్లో పెద్ద బృందంతో కచేరీ చేశారు. ఒక ముఖం గీసే చిత్రంలో బృందం పట్టదు, అది చిత్రకారుడి తప్పు కాదు. చిత్రంలో పట్టని మనుషులను రాత చెప్పాలి. ఆ రాత 'ఒంటరి' అనే పేరు ఎంచుకుంది.

ఎవరి ముఖం ముందు వచ్చిందన్నది కూడా చూడాలి. ఆ పత్రిక మీద జాజ్ కళాకారులు 1949లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, 1954లో తెల్లవాడైన డేవ్ బ్రూబెక్, 1956లో డ్యూక్ ఎల్లింగ్టన్. బ్రూబెక్ పుట్టేనాటికి ఎల్లింగ్టన్ యువకుడు, బ్రూబెక్ కన్నా ఎన్నో ఏళ్లు ముందే పెద్ద బృందానికి నాయకుడు. తన బొమ్మ ముందు వచ్చినందుకు సిగ్గుపడ్డానని, ఆ గౌరవం ముందు ఎల్లింగ్టన్‌కే దక్కాలని బ్రూబెక్ స్వయంగా చెప్పుకున్నారు.

ఇది మన సంగతి కూడా. గుస్సాడి కనకరాజు గారికి 2021లో, డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషించాం. కానీ గుస్సాడి అనగానే బయటివాళ్ల కళ్లు నెమలి ఈకల టోపీ దగ్గరే ఆగిపోతాయి. దండారిలో గుమేల, పర్ర, పెప్రె వాయించేవాళ్ల పేర్లు ఎవరూ అడగరు. సమ్మక్క సారలమ్మల చరిత్రను పాటలో దాచుకున్న కోయ పెద్దను 'జానపద కళాకారుడు' అని ఒక్క ముక్కలో చెప్పి ముగిస్తారు.

కాబట్టి ఉపాధ్యాయ మిత్రులకు, చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా మాట ఇది. ఊళ్లో ఆట జరిగినప్పుడు ఫొటో తీయండి, బొమ్మ గీయించండి. దాని కింద వాయించినవాళ్లందరి పేర్లు, వాయిద్యం పేరు, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో మన భాషలోనూ తెలుగులోనూ రాయండి. టోపీ గురించి రాసేటప్పుడు దాన్ని కట్టిన చేతుల పేరు కూడా రాయండి.