మధుర మీద తెలుగు నవల

మన రాజపాళయంలో చారిత్రక నవల మాట ఎత్తితే ముందు కల్కి పేరే వస్తుంది. 1950లో ‘పొన్నియిన్ సెల్వన్’ వారం వారం రావడం మొదలైనప్పుడు దాని కోసం కాచుక్కూచున్న పెద్దవాళ్ల కబుర్లు ఇప్పటికీ ఇళ్లల్లో నడుస్తుంటాయి. విజయనగర కాలంలో ఇటు దిగిన రాజుల ఇళ్లలో మాట తెలుగు, చదువు తమిళం. అందుకే మన గుమ్మం ముందే నడిచే తెలుగు నవల ఒకటుందని మనలో చాలామందికి తెలియదు. అది విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’. రాసినాయన కృష్ణా జిల్లా నందమూరువాడు. కథ జరిగేది మాత్రం ఇక్కడికి ఎనభై అయిదు కిలోమీటర్ల దూరంలోని మధురలో, నాయక రాజుల ఏలుబడిలో. 1929-31 మధ్య ‘భారతి’ పత్రికలో వచ్చింది. 1969లో రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున నటించిన సినిమా అయింది. పాటల వల్ల సినిమా పేరు నిలిచింది కానీ, నవల పనితనం తెరకు ఎక్కేది కాదు.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కుట్టాను సేతుపతి, వీరభూపతి ప్రాణస్నేహితులు. కుట్టాను మనసు సామాన్యుల పిల్ల మీనాక్షి మీద, వీరభూపతి మనసు ఏకవీర మీద. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ఏకవీర కుట్టానుకు, మీనాక్షి వీరభూపతికి భార్యలవుతారు. ఇంత కొలిచి కోసినట్టున్న తారుమారు జీవితంలో జరుగుతుందా అంటే జరగదనే అంటాను. నాటకాల వాళ్లు వాడి వాడి అరగదీసిన ఎత్తు అది. విశ్వనాథ దాన్ని దాచడానికి ప్రయత్నించడు. ఎవరు ఎవరిని కోరుకున్నారో పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది. పాత్రలకు మాత్రం ముక్కలు ముక్కలుగా, ఆలస్యంగా తెలుస్తుంది. కాబట్టి ‘ఏం జరుగుతుంది’ అన్న ఆత్రం మనకు ఉండదు. ఈ మనిషికి తెలిసిన రోజున ఏం మాట్లాడతాడు, అసలు మాట్లాడతాడా అన్న బెంగతో పుట తిప్పుతాం. కల్కి ప్రతి అధ్యాయం చివరా ఒక తలుపు మూస్తాడు, తెరవడానికి మళ్లీ వారం ఆగాలి. ఇక్కడ తలుపులన్నీ తెరిచే ఉంటాయి, గడప దాటడానికే అందరూ వెనకాడతారు. దాటకుండా వాళ్లను ఆపేది ఏ విలనూ కాదు. స్నేహం, కట్టుకున్న మనిషి పట్ల మర్యాద. నలుగురూ మంచివాళ్లే కావడం ఈ నవలలోని క్రూరత్వం.

చరిత్రను ఎంత వాడాలో తెలియడం ఇంకో పనితనం. మధుర రాజ్యం, సైన్యాలు, సామంతుల వ్యవహారాలు కథ వెనక ఉన్నాయి, ముందుకు రావు. సేతుపతి అన్న పేరే చూడండి. 17వ శతాబ్దిలో రామనాథపురం ఏలినవాళ్లలో కూత్తన్ సేతుపతి నిజంగానే ఉన్నాడు. ఆ పేరు వినగానే ఇంకొకరైతే వంశవృక్షం విప్పేవారు. విశ్వనాథ ఆ పేరులోని అంతస్తును మాత్రం తీసుకున్నాడు. అంత పేరున్న ఇంటి కొడుకు మీనాక్షి లాంటి పిల్లను చేసుకోలేడని చెప్పడానికి అది చాలు.

చరిత్ర నుంచి నేరుగా దిగినవాడు రాబర్టు డి నొబిలి. 1606లో మధురకు వచ్చి, కాషాయం కట్టి, తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చి మతబోధ చేసిన ఇటలీ పాదిరి. ప్రేమకథలో ఈయనకు ఏం పని అనిపిస్తుంది. కానీ ధర్మం అన్న మాటను నలుగురూ లోలోపల నమిలి నమిలి నలిగిపోతున్నప్పుడు, అదే ధర్మాన్ని వీధిలో బయటివాడొకడు ప్రశ్నించడం కథకు కావలసిందే. గుండెల్లో ఉన్న గొడవ అక్కడ ఊరి గొడవ అవుతుంది. విశ్వనాథ ఎవరి పక్షమో దాచుకోడు, కొంచెం ఉపన్యాసం కూడా దొర్లుతుంది. నాకు ఆ చోట్ల విసుగే. అయినా ఆ పాత్రను తీసేస్తే నవల నాలుగు గదుల్లో ఇరుక్కుపోతుంది.

భాష గురించి భయపడేవాళ్లకు ఒక మాట. తెలుగు లిపి రాకపోయినా చదివి వినిపించేవాళ్లు ఇంట్లో ఒకరుంటే చాలు. వాక్యం గ్రాంథికంగా కనబడుతుంది కానీ చెవికి బాగా పడుతుంది. విశ్వనాథ చాలా నవలలు తాను చెబుతుంటే ఇంకొకరు రాసుకున్నవే. మీనాక్షి, వైగై, సేతుపతి లాంటి పేర్లు ఆ తెలుగులో పరాయిగా వినిపించవు. మధురను పరిచయం చేస్తున్నానన్న హడావిడి రచయితకు లేదు. తమిళ ఊళ్లో తెలుగు బతుకు ఎలాగుంటుందో తెలిసిన మనకు ఆ నిబ్బరం విలువ ఇంకా బాగా అర్థమవుతుంది.

దీని తరవాత ఏం చదవాలి? నోరి నరసింహశాస్త్రి ‘నారాయణభట్టు’, ‘రుద్రమదేవి’ ఓపికున్నవాళ్లకు. ఆయనది పండితుడి చరిత్ర, కవుల చుట్టూ తిరుగుతుంది. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ పిల్లలకు ఇవ్వండి. బాపిరాజు చిత్రకారుడు, నగలూ గుర్రాలూ కళ్లకు కట్టిస్తాడు, మనుషుల్ని కొంచెం ఎక్కువ అందంగా గీస్తాడు. తెన్నేటి సూరి ‘చెంఘిజ్ ఖాన్’ ఒక ఊపులో చదివిస్తుంది. నవల కాకపోయినా ‘ఆముక్తమాల్యద’ను వదలకండి. పక్కనున్న శ్రీవిల్లిపుత్తూరు కథను కృష్ణదేవరాయలు తెలుగులో చెప్పాడు, మన ఊరి పండితుడు ము.కు. జగన్నాథరాజా దాన్ని తమిళంలోకి తెచ్చారు. తెలుగు చదవలేనివాళ్లు అటునుంచి రావచ్చు.

తమిళంలోనే ఉండిపోతామంటే, ‘ఏకవీర’ను ఎవరిచేతనైనా చదివించుకుని విన్నాక నా. పార్థసారథి ‘రాణి మంగమ్మాళ్’ తీయండి. అదే మధుర సింహాసనం, 17వ శతాబ్ది చివర, మనవడి తరఫున రాజ్యం నడిపిన ఆడమనిషి చేతిలో. విశ్వనాథ దూరంగా ఉంచిన కొలువు అక్కడ కథ నడిమధ్యకు వస్తుంది. రెండూ వెంట వెంటనే చదివితే ఎవరు ఏది ఎందుకు వదిలేశారో పుట పుటకీ తెలిసిపోతుంది.