ఆల్కో గొంతు

మా చాకవేలుకు రైలు లేదు, బాగేపల్లికీ లేదు. ఇంజిన్ల పిచ్చి ఉన్న నాలాంటివాడు బస్సెక్కి హిందూపురం స్టేషనుకు పోవాల్సిందే. ఈ పిచ్చిలో నాకు తోడు గుత్తి డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక మామ. ఫొటోల జోలికి పోడు. ఇంజిను శబ్దం విని దాని ఒంట్లో ఎట్లుందో చెప్పడం ఆయన విద్య.

పాత రైళ్లంటే అమెరికావాళ్లు పెట్టెల సొగసు చెప్పుకుంటారు. 1934 మే 26న మెరిసే స్టీలు ఒళ్లున్న పయనీర్ జెఫిర్ అనే డీజిల్ బండి డెన్వర్ నుంచి షికాగోకు 13 గంటల 5 నిమిషాల్లో చేరింది. 1949లో వచ్చిన కాలిఫోర్నియా జెఫిర్‌లో గాజు గుమ్మటాల కింద కూర్చుని కొండలు చూసుకుంటూ పోయేవాళ్లు. అప్పట్లో ఆ గుమ్మటాలు మన దాకా రాలేదు, ఇంజిన్లొచ్చాయి. మనకు అదే మేలైంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఉండేది ఆల్కో కంపెనీ. దాని డిజైనుతో 1962లో మనకు డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజిను వచ్చింది. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. ఆల్కో 1969లో ఇంజిన్ల తయారీ ఆపేసింది. పుట్టిల్లు మూతపడ్డా మెట్టినింటి కాపురం మాత్రం దశాబ్దాలు సాగింది. వారణాసివాళ్లు వేలల్లో చేశారు.

ఆల్కో అనగానే అందరికీ గుర్తొచ్చేది నల్లపొగ. ఎందుకట్లా అంటే మామ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "డీజిల్ ముందొస్తాదిరా, గాలి ఎనకొస్తాది." డ్రైవరు నాచ్ (పవరు మెట్టు) పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువ పడుతుంది. గాలి తోసే టర్బో తిరిగేది ఆ ఇంజిను వదిలే పొగతోనే కాబట్టి అది వేగం అందుకోవడానికి కాసేపు పడుతుంది. అంతలో సగం కాలిన డీజిల్ నల్లగా పైకి లేస్తుంది. పొగ మంచిదని నేననను, స్టేషను పక్కన తెల్లబట్టలు ఆరేసుకున్నవాళ్లు ఊరుకోరు.

మామ చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఇంజిను ఆపేశాక కూడా టర్బో సన్నగా ఈల వేస్తూ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఫిట్టర్లు పక్కన నిలబడి ఆ ఈల ఎంతసేపుందో చూసేవాళ్లు. తొందరగా ఆగిపోతే బేరింగు మీద అనుమానం.

1999లో జనరల్ మోటార్స్ డిజైను ఇంజిన్లు దిగాయి. 4,000 హార్స్‌పవర్, లోపలి లెక్కలన్నీ కంప్యూటరువే. పనిలో ఆల్కో వాటికి సాటి రాదు. వినడానికి మాత్రం ఆల్కోనే. మా వైపు చింతామణి మీదుగా పోయే చిక్కబళ్లాపురం-కోలారు లైను బ్రాడ్‌గేజ్ అయ్యేసరికి 2013 వచ్చింది, అప్పటికే ఆల్కో రోజులు దగ్గరపడ్డాయి.

అమెరికా నుంచి దిగిన తొలి డబ్ల్యూడీఎం-2, నంబరు 18040, ఢిల్లీ రైలు మ్యూజియంలో భద్రంగా ఉంది. దాని ఈల విని జబ్బు కనిపెట్టే చెవులు మాత్రం మన ఊళ్లలో, పింఛను పుస్తకాల పక్కన ఉన్నాయి. మీ ఇంట్లో గుత్తిలోనో, కృష్ణరాజపురంలోనో డీజిల్ షెడ్డులో పనిచేసినవాళ్లుంటే, ఈ ఆదివారం ఫోనులో రికార్డింగు పెట్టి వాళ్ల ముందు కూర్చోండి. ఏ శబ్దానికి ఏ స్పేరు మార్చేవాళ్లో అడగండి.