కుట్లు, అల్లికలు, అమ్మ నోటుబుక్కు

హిందూపురంలో మా పక్కింటి ఆపా నా చేతికి మొదటిసారి లేసు సూది ఇచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. వేసవి సెలవులు. ముందు ముడి, తర్వాత గొలుసు. వారం రోజులు గొలుసే వేయించింది. దారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకొని, బిగించీ బిగించనట్టు వదలడం రాకపోతే మిగతాదేదీ రాదని ఆమె పట్టుదల. నా గొలుసు ఒకచోట చీమంత, ఇంకోచోట చింతగింజంత వచ్చేది. "యాడ తప్పినావో ఆడికే పోవల్ల మే" అంటూ కొస పట్టి లాగేసేది. పొద్దుటినుంచీ చేసిందంతా క్షణంలో ఊడి, వంకీల దారమై ఒళ్ళో పడేది. ఏడుపొచ్చేది.

గొలుసు తర్వాత డబుల్, ఆ తర్వాత ట్రెబుల్. అవి కుదిరాక ఒకే కన్నంలో అయిదు ట్రెబుళ్ళు వేస్తే షెల్, మూడు గొలుసులు వేసి వెనక్కి గుచ్చితే పికాట్. చివరికి పైనాపిల్. ఆపా దగ్గర అట్ట ఊడిపోయిన ఒక ఇంగ్లీషు పుస్తకం ఉండేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూసి, కుట్లు లెక్కపెట్టుకొని అల్లేది. చాలా ఏళ్ళకు నేను ఇంగ్లీషు వచ్చిన గర్వంతో ఒక అమెరికన్ నమూనా తెచ్చుకొని గుండ్రటి టేబుల్ గుడ్డ మొదలుపెడితే, అంచులన్నీ అలలుగా లేచి వేయించిన అప్పడంలా తయారైంది. తప్పెక్కడుందో తెలియడానికి నెల పట్టింది. బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ అంటే పొట్టి కుట్టు. దాన్నే అమెరికావాళ్ళు సింగిల్ అంటారు. వాళ్ళు డబుల్ అనేది మనం నేర్చుకున్న ట్రెబుల్. పేరొకటే, ఎత్తు వేరు.

మరియా మీస్ పుస్తకం 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్'ను ఈమధ్య మళ్ళీ చదువుతుంటే ఆ అప్పడమే గుర్తొచ్చింది. 1982లో లండన్‌లో అచ్చయిన ఈ పుస్తకం మనలో చాలామందికి పాఠ్యగ్రంథంలాంటిది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు గోదావరి ప్రాంతానికి తెచ్చిన లేసు అల్లిక, ఘోషా పాటించే కాపు కులపు ఇళ్ళలోకి ఎలా వెళ్ళింది, ఆ ఇళ్ళలో అల్లినది విదేశీ మార్కెట్‌కు ఎలా చేరింది, ఎగుమతి వ్యాపారం మగవాళ్ళ చేతుల్లోకి ఎలా పోయింది అన్నది ఆమె విప్పి చెప్పారు. రోజుకు ఆరేడు గంటలు అల్లే మనిషిని 'గృహిణి' అనీ, ఆమె చేసేది 'తీరిక పని' అనీ పిలవడం వల్లనే అంత తక్కువ కూలి సాధ్యమైందని ఆమె వాదన. గృహిణీకరణ అన్న మాట మనకు ఆమె దగ్గర్నుంచే వచ్చింది. 2023లో ఆమె చనిపోయినప్పుడు ఇక్కడ కూడా చాలామంది గుర్తుచేసుకున్నారు.

ఆ వాదనతో నాకు పేచీ లేదు. నాకున్న అసంతృప్తి వేరు. పుస్తకంలో కూలి కనిపించినంత స్పష్టంగా కుట్టు కనిపించదు. ఒకరు పువ్వు అల్లడం, ఇంకొకరు ఆ పువ్వుల్ని కలిపే అతుకుపని చేయడం, ఈ విభజనను మీస్ నిశితంగానే చూశారు. ఐర్లండ్‌లో 1840ల కరువుకాలంలో కూడా క్రోషా లేసు ఇలాగే ముక్కలు ముక్కలుగా ఇళ్ళలో తయారైంది. పువ్వు ఒకరిది, అతుకు ఒకరిది. కానీ పువ్వు అల్లే మనిషి ఏం ఆలోచిస్తుంది? ఎన్నో వరుసలో కుట్టు పెంచాలో ఎలా తెలుస్తుంది? నమూనా పుస్తకాలు దీన్నే నేర్పుతాయి, కూలి మాట ఎత్తవు. మీస్ కూలి గురించి చెప్తారు, కుట్టు దగ్గర ఆగరు. మా అమ్మ ఈ రెంటి మధ్యా ఎక్కడో ఉంది.

అమ్మ పుట్టిల్లు ధర్మవరం. నాన్న పోయాక అన్నతోపాటు అక్కడికే వెళ్ళింది. పట్టుచీరల ఊరు కదా, ఆమెకు కుచ్చుల పని దొరికింది. పల్లు కొస పోగుల్ని ముడులు వేసి వదిలేసే రోజులు పోయాయి. ఇప్పుడు లేసు సూదితో పల్లు అంచును పట్టి, గొలుసులతో తోరణంలా కట్టి, మధ్యలో పూసలు కూర్చి, కింద పట్టుదారం కుచ్చులు వేలాడదీయాలి. గజంపావు వెడల్పు. కొత్త చీర, నలగకూడదు, నూనె మరక అంటకూడదు, సూది కొక్కెం జరీకి తగలకూడదు. ఒక్కో చీరకు రెండు మధ్యాహ్నాలు.

అదే వీధిలో పెద్దమ్మ కండెలు చుట్టేది, అచ్చు అతికేది. అది పెదనాన్న మగ్గానికి కాబట్టి 'ఇంటి పని'. అమ్మ కుచ్చులు షాపుకు కాబట్టి 'తీరిక పని'. నర్సాపురం కాపు స్త్రీకి గడప దాటకపోవడం కులగౌరవం. ధర్మవరంలో మగ్గమే ఇంట్లో ఉంది, గడప ప్రశ్నే రాదు. గృహిణి అన్న మాటను అక్కణ్ణుంచి ఇక్కడికి తెస్తే, నా టేబుల్ గుడ్డలాగ అంచులు లేస్తాయి. మాట తప్పు కాదు, ఎత్తు సరిచూసుకోవాలి. మగ్గం అప్పుల్లో ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో, ఎందరు నేతగాళ్ళు ప్రాణాలు తీసుకున్నారో ధర్మవరం వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఆ ఇళ్ళలో మర్నాడు పొయ్యి వెలిగించింది చాలాచోట్ల ఈ 'తీరిక పనే'.

2011లో జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "అమ్మ ఏం చేస్తారు?" అంటే గడప దగ్గర అన్న చెప్పాడు: "ఏం లేదు సార్, ఇంట్లోనే ఉంటుంది." అమ్మ ఒళ్ళో ఎవరిదో మెరూన్ చీర ఉంది. ఆమె తలెత్తలేదు, కుట్టు లెక్క తప్పుతుందని. అదృశ్య శ్రమ మీద అప్పటికి రెండు సెమినార్లలో పత్రాలు చదివిన నేనూ నోరు తెరవలేదు. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అన్నను చిన్నబుచ్చడం ఎందుకనుకున్నానేమో.

ఇంకో సెమినార్ సంగతి. ఒక పెద్ద విమర్శకుడు స్త్రీల కథల్ని "కుట్లు అల్లికల సాహిత్యం" అన్నాడు. మేమంతా లేచి గొడవ చేశాం. మా కథలు అల్లికలు కావు, రాజకీయాలు అన్నాం. తర్వాత రైల్లో తిరిగొస్తూ ఆలోచిస్తే సిగ్గేసింది. అల్లిక అంటే తక్కువ పని అన్న అతని లెక్కను ఒప్పుకున్నాకే కదా మేం కోప్పడింది! మన కవిత్వం వంటింట్లోకి వెళ్ళి దాన్ని జైలుగా చూపించింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. సూది మాత్రం మన రచనల్లో ఎక్కువగా ఉపమానంగానే మిగిలింది. 'బతుకు అల్లిక' అని నేనూ రాశాను. ఏ నంబరు సూదితోనో చెప్పలేదు.

పెనుకొండలో పనిచేసిన పదేళ్ళూ నేను ఆ లైనులోనే తిరిగాను. సాయంత్రం ప్యాసింజర్లో ధర్మవరం నుంచి చీరల సంచులతో వచ్చి పెనుకొండలో దిగే ఆడవాళ్ళుండేవారు. కిటికీ పక్కన చోటు దొరికితే దిగేలోపు నాలుగు కుచ్చులు. ఈ పనిలో ఒకసారికి ఒక్క మడతే సూది మీద ఉంటుంది. బిడ్డ ఏడ్చినా స్టేషనొచ్చినా అక్కడే ఆపి లేవొచ్చు. అందుకే దీన్ని తీరిక పని అనడం అంత సులువు. క్రోషా కుట్టును అచ్చంగా అల్లే యంత్రం ఈనాటికీ లేదు. అంటే ఏ దేశపు దుకాణంలో వేలాడే చవక క్రోషా జాకెట్టయినా ఎవరో ఒకరు చేత్తో అల్లిందే. హిందూపురంలో ఒక గార్మెంట్స్‌కు వెళ్ళే అమ్మాయి ఓసారి నాతో అంది: "ఆడ బాత్రూముకు పోయినా లెక్క రాసుకుంటారక్కా. ఇంట్లో కుచ్చులేస్తే రాత్రంతా కూచున్నా లెక్క రాసేవాళ్ళు లేరు."

లెక్క రాసేవాళ్ళు ఒకరున్నారు. పోయిన సంక్రాంతికి అమ్మ నోటుబుక్కు నా కంటబడింది. అయిదో తరగతి చదువు ఆమెది. ప్రతి చీరకూ ఒక వరుస: తేదీ, రంగు, కుచ్చులెన్ని, రావాల్సింది, వచ్చింది. చివరి రెండూ ఎక్కువచోట్ల ఒకటి కావు. ఒక షాపు వరసగా ఏడు చీరలకు బాకీ. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు, అట్టమీద కూడా.

వెనక పేజీలనుంచి ఇంకో రాత మొదలవుతుంది. అక్కడ కుట్టుకు ఆమె సొంత గుర్తులు. సున్నాల వరుస గొలుసు. నిలువు గీత పొట్టి కుట్టు, పొడుగు గీత పొడుగు కుట్టు. షెల్‌కు ఆమె పేరు గవ్వ. లేపాక్షి బసవన్న మెడలో చెక్కిన గంటల పట్టీని చూసొచ్చి మూడు వరుసల్లో దించుకుంది. మొదటి రెండు ప్రయత్నాలూ కొట్టేసి ఉన్నాయి, పక్కన "బరువు, లాగుతాది" అని రాసుంది. మూడోది సరిపోయింది. ఎక్కడ తప్పిందో అక్కడికే వెళ్ళింది. పాఠం, పాఠాంతరం, సవరణ అంటూ మనం ప్రాచీన ప్రతుల దగ్గర చేసే పనంతా ఆ నాలుగు పేజీల్లో ఉంది.

అల్లికలో ఆమెకు ఆనందం ఉందా అంటే ఉంది, ఆ పేజీల్లో కనిపిస్తూనే ఉంది. ఆ ఆనందాన్ని చూపించే షాపువాడు ధర తగ్గిస్తాడనీ ("నీకిష్టమే కదమ్మా!") ఆమెకు తెలుసు. మీస్ ఉంటే ఇది ఎర అనేవారేమో. నేను అంత తేలిగ్గా అనలేకపోతున్నాను.

ఈ వ్యాసంతోపాటు ఆ పేజీలు అచ్చువేద్దామని అమ్మను అడిగాను. ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, 2024లో నర్సాపురం లేసుకూ వచ్చింది, నీ గంటల కుచ్చుకు కనీసం నీ పేరైనా ఉండొద్దా అని నచ్చజెప్పాను. ఊరి పేరుకు దొరికే రక్షణ మనిషి పేరుకు దొరకదని నా బాధ. ఆమె నోటుబుక్కు తీసుకొని బీరువాలో పెట్టేసింది.

"నీ పత్రిక సదివేది సదువుకున్నోళ్ళు గదా. వాళ్ళలో ఒగరికి షాపు ఉండదా? వాళ్ళ తమ్మునికి ఉండదా? అందరూ వేస్తే నాకు ఆ నూట యాభై గూడా రాదు. పేరు నువ్వే పెట్టుకో."

అందుకే ఆ మూడో వరుస ఎలా వేస్తారో ఇక్కడ రాయడం లేదు.