గట్టి గాజంతా భద్రమైన గాజేనా?

గత వేసవిలో మా బావమరిది కొన్న కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్లాను. తొమ్మిదవ అంతస్తు. బాల్కనీకి పిట్టగోడ లేదు. దాని స్థానంలో నడుమెత్తున గాజు పలకలు నిలబెట్టారు. వాళ్ల నాలుగేళ్ల పిల్లవాడు ఆ గాజుకు నుదురు ఆనించి కింద పోయే బస్సులను లెక్కపెడుతున్నాడు. ఏ రకం గాజని అడిగితే, "టఫెన్డ్ గ్లాస్ బావా, 12 ఎం.ఎం. సుత్తితో కొట్టినా పగలదన్నారు" అని ఉత్సాహంగా చెప్పాడు. మందం చెప్పారు, బలం చెప్పారు. పగిలితే ఏమవుతుందో మాత్రం అమ్మినవారు చెప్పలేదు, కొన్నవారు అడగలేదు.

ఈ లోపం ఒక్క మా బావమరిదిది కాదు. నేడు మన నగరాలలో ఇళ్లకు, దుకాణాలకు, కార్యాలయాలకు గాజును ఎంపిక చేసే పద్ధతిలోనే ఈ లోపమున్నది. బలమైన గాజే భద్రమైన గాజని ఒక నమ్మకం స్థిరపడిపోయింది. శాస్త్ర దృష్టితో చూస్తే అది సగం మాత్రమే నిజం. పగలని గాజు లేదు. భద్రమైన గాజంటే పగిలినప్పుడు మనిషికి కీడు చేయని గాజు. ఆ కీడు రెండు విధాలుగా రావచ్చు: పెంకులు గుచ్చుకోవటం ఒకటి, గాజు ఉన్నచోట ఖాళీ ఏర్పడి అందులో నుంచి మనిషి పడిపోవటం రెండవది. మొదటిదానికి మందయినది రెండవదానికి మందు కాకపోవచ్చు.

గాజు ఎందుకు పగులుతుంది?

గాజులోని పరమాణువుల మధ్య బంధాలు నిజానికి చాలా దృఢమైనవి. వాటిని బట్టి లెక్కవేస్తే గాజు ఉక్కును మించిన బలం చూపవలె. కాని కిటికీ అద్దం ఆ లెక్కలో నూరవ వంతు బలం కూడా చూపదు. కారణాన్ని బ్రిటిష్ ఇంజనీరు గ్రిఫిత్ 1921లో ప్రకటించిన పరిశోధనలో వివరించాడు. గాజు ఉపరితలం మీద కంటికి కనిపించని సన్నని బీటలుంటాయి. గాజును వంచినప్పుడు ఒక ముఖం సాగుతుంది. ఆ లాగుడంతా బీట కొన వద్ద కేంద్రీకరించి బీటను పొడిగిస్తుంది. అదే నొక్కుడు శక్తి పనిచేస్తే బీట మూసుకొనిపోతుంది. అంటే గాజుకు నొక్కుడంటే భయం లేదు. లాగుడే దాని శత్రువు.

గట్టిపరచిన గాజు, అనగా బజారులో టఫెన్డ్ గ్లాస్ అని పిలిచేది, ఈ సూత్రం మీదనే తయారవుతుంది. మామూలు గాజు పలకను కావలసిన కొలతకు కోసి, రంధ్రాలు వేసి, సుమారు 620 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడిచేసి, రెండు వైపులా గాలి ధారలతో హఠాత్తుగా చల్లబరుస్తారు. పైపొరలు ముందుగా గట్టిపడతాయి. లోపలి భాగం తరువాత చల్లారుతూ కుదించుకొనిపోబోతుంది. ఆ లాగుడుకు పైపొరలు నొక్కుకొని ఉండిపోతాయి. ఇక ఉపరితలం మీది బీట విచ్చుకోవలెనంటే మొదట ఈ నొక్కుడును జయించవలె. అందుకే ఈ గాజుకు మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలం వస్తుంది.

అయితే ఈ బలం అప్పు తెచ్చుకున్న బలం. పైపొర నొక్కుడుకు ప్రతిగా లోపల లాగుడు నిలవ ఉన్నది. పైపొరను దాటి ఒక బీట లోపలికి పోయిందా, ఆ నిలవ శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై పలక మొత్తం తునాతునకలవుతుంది. ఒక మూల పగిలి తక్కినది నిలబడటమనేది ఇందులో ఉండదు. గట్టిపరచిన తరువాత దీనిని కోయటం గాని, రంధ్రం వేయటం గాని సాధ్యం కాకపోవటానికి కారణం ఇదే. ముక్కలు మాత్రం కత్తుల వంటి పెంకులు కావు. పటికబెల్లం పలుకుల వంటివి. యూరపు ప్రమాణం ప్రకారం 4 నుంచి 12 మిల్లీమీటర్ల మందం గల పలక పగిలినప్పుడు 50 మిల్లీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలుండవలె. సాధారణంగా కారు పక్క కిటికీలకు ఈ గాజే వాడతారు.

స్నానాల గది తలుపుకు, దుకాణం ద్వారానికి, ఒకే అంతస్తులో రెండు గదుల మధ్య గాజు గోడకు ఇది తగినదే. అక్కడ మనిషి గాజుకు తగిలి, గాజు పగిలినా, అవతల నేల ఉన్నది. బాల్కనీ అంచున అవతల నేల లేదు. అక్కడ పగిలిన మరుక్షణం పిట్టగోడ మాయమవుతుంది.

రెండు నగరాలు నేర్చిన పాఠం

ఎవరూ ముట్టుకోకుండా ఇంత బలమైన గాజు ఎందుకు పగులుతుందని పాఠకులు అడగవచ్చు. ఈ ప్రశ్నకు సమాధానం ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో దొరికింది. అక్కడ 1958లో పూర్తయిన ఐ.సి.ఐ. హౌస్ అనే భవనం ఆ నగరంలో తొలి ఆకాశహర్మ్యాలలో ఒకటి. దాని ముఖభాగమంతా గాజు. కొద్దికాలానికే గట్టిపరచిన పలకలు కొన్ని తమంతట తామే పగలసాగాయి. అక్కడి శాస్త్రజ్ఞుడు బాలంటైన్ విరిగిన తునకలను పరీక్షించి, లోపలి భాగంలో ఇరుక్కున్న నికెల్ సల్ఫైడ్ రేణువులే కారణమని 1961లో నివేదించాడు.

ఆ రేణువు చేసే పని ఆసక్తికరమైనది. నికెల్ సల్ఫైడ్‌కు సుమారు 379 డిగ్రీలకు పైన ఒక స్ఫటిక రూపం, దిగువన మరొక రూపం. గాజును హఠాత్తుగా చల్లార్చినప్పుడు రేణువుకు రూపం మార్చుకొనే వ్యవధి ఉండదు. అది వేడినాటి రూపంలోనే బందీ అవుతుంది. తరువాత నెలలకో, సంవత్సరాలకో, ఎండ వేడికి మెల్లగా మారుతూ 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. మిల్లీమీటరులో పదవ వంతుండే రేణువైనా, లాగుడు నిలవ ఉన్న చోట ఉబ్బితే పలక మొత్తానికి మృత్యువు. మామూలు గాజులో ఆ నిలవ లాగుడు లేదు గనుక అక్కడ ఈ రేణువు నిరపాయకరం. గాజుకు బలమిచ్చిన ప్రక్రియే ఈ బలహీనతను కూడా ఇచ్చిందన్నమాట.

దీనికి విరుగుడు ఉన్నది. గట్టిపరచిన పలకలను మళ్లీ 260 నుంచి 290 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు ఉంచితే, చెడ్డ రేణువులున్నవి కర్మాగారంలోనే పగిలిపోతాయి. దీనిని హీట్ సోక్ పరీక్ష అంటారు. ప్రమాదం చాలావరకు తగ్గుతుంది గాని పూర్తిగా పోదు.

ఇంత తెలిసిన యాభై ఏళ్లకు, 2011 వేసవిలో, కెనడాలోని టొరాంటోలో కొత్త నివాస భవనాల బాల్కనీల నుంచి గాజు పలకలు పగిలి వీధుల్లో పడ్డాయి. అప్పుడు ఆంటారియో రాష్ట్ర ప్రభుత్వం భవన నియమాలను సవరించి, 2012 జూలై నుంచి అంతస్తు అంచున నిలిపే బాల్కనీ గాజుకు పొరల గాజును నిర్దేశించింది. మెల్బోర్న్ కనుగొన్నది టొరాంటో మళ్లీ కష్టపడి నేర్చుకున్నది. మన నగరాలు మూడవసారి నేర్చుకోవలసిన అవసరం లేదు.

చిన్న ముక్కలే గదా, పడితే ఏమవుతుందనటం కూడా సరి కాదు. గాజు చదరపు మీటరుకు, ఒక మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మీటరు ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం గల పలక బరువు 36 కిలోలు. పగిలిన తునకలు తరచు ఒకదానికొకటి అంటుకొని గడ్డలుగా రాలుతాయి. గాలి నిరోధాన్ని విడిచి లెక్కిస్తే, 30 మీటర్ల ఎత్తు నుంచి పడే వస్తువు నేలను తాకేసరికి దాని వేగం గంటకు 87 కిలోమీటర్లు.

పొరల గాజు

ఫ్రెంచి రసాయనజ్ఞుడు బెనెడిక్టస్ 1903లో ఒక గాజు కుప్పెను కింద పడవేసుకున్నాడనీ, అది పగిలినా ముక్కలు చెదరలేదనీ చెబుతారు. లోపల ఎండిపోయిన సెల్యులోజ్ నైట్రేటు పొర ముక్కలను పట్టి ఉంచింది. 1909లో ఆయన దీనికి పేటెంటు తీసుకున్నాడు. నేటి లామినేటెడ్ గ్లాస్‌లో రెండు గాజు పలకల మధ్య ఎక్కువగా పాలీవినైల్ బ్యూటిరాల్ అనే ప్లాస్టిక్కు పొరను ఉంచి, వేడితోను ఒత్తిడితోను అతికిస్తారు. దెబ్బ తగిలితే సాలెగూడులా బీటలు వారుతుంది, కాని ఉన్నచోటనే నిలుస్తుంది. కారు ముందు అద్దం పొరల గాజు కావటానికి ఇదే కారణం.

ఇక్కడ కూడా ఒక మెలిక ఉన్నది. రెండు పొరలూ పూర్తిగా గట్టిపరచినవై, రెండూ పగిలితే, ఆ పలక తడిసిన దుప్పటిలా వంగి బిగింపుల నుంచి జారిపోవచ్చు. పాక్షికంగా గట్టిపరచిన గాజు, అనగా మామూలు గాజుకు రెండింతల బలం గలది, పెద్ద ముక్కలుగా పగులుతుంది. ఆ ముక్కలు ఒకదానినొకటి పట్టుకొని కొంత బిగువు నిలుపుతాయి. కనుక బాల్కనీకి అటువంటి పొరల గాజు, పైన చేతిపట్టు కడ్డీ ఉండటం మేలు. "పొరల గాజు" అనే పేరు విని తృప్తిపడక లోపలి పొరలేవో కూడా అడగవలె.

తీగ అల్లిన గాజును గురించి ఒక మాట. తీగ ఉన్నది గనుక బలమెక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మామూలు గాజు కంటే బలహీనం. మంటల్లో పగిలినా తీగ ముక్కలను పట్టి ఉంచుతుందనే దానిని తలుపులకు వాడారు. చేయి దూరితే తీగ, పెంకు రెండూ కోస్తాయి. పిల్లలు పరుగెత్తే బడి తలుపుకు అది తగదు.

ఎంపిక ఎలా జరగవలె?

అద్దాల దుకాణంలో నేడు జరిగే సంభాషణ మందంతో మొదలై చదరపు అడుగు ధరతో ముగుస్తుంది. దానికి బదులు మూడు ప్రశ్నలు వేసుకోవలె. ఈ గాజుకు మనిషి తగిలే అవకాశమున్నదా? పగిలితే అవతల, కింద ఏమున్నది? పగిలిన తరువాత కూడా అది నిలిచి ఉండవలెనా? మొదటిదానికి మాత్రమే ఔననే జవాబయితే గట్టిపరచిన గాజు చాలు. మూడవదానికి ఔనని వస్తే పొరల గాజు తప్ప మార్గం లేదు. బాల్కనీ, మెట్ల పక్క అడ్డు, తలపై కప్పుగా వేసే గాజు, గాజు మెట్టు ఈ కోవలోనివి. దుకాణాల ముందు తళతళలాడే గాజు గోడకు మరొక చిన్న జాగ్రత్త కూడా కావలె: కంటి ఎత్తున ఒక చార. ఖాళీ అనుకొని నడిచి గుద్దుకొనేవారు తక్కువ కాదు.

పొరల గాజు అన్ని చోట్లా మంచిదనే మరొక మూఢనమ్మకాన్ని నేను ప్రచారం చేయదలచలేదు. అది సులభంగా పగలదు గనుక అగ్నిప్రమాదంలో దానిని ఛేదించి లోపలికి పోవటం కష్టం. కలకత్తాలో 2011 డిసెంబరులో ఒక ఆసుపత్రి భవనంలో మంటలు లేచినప్పుడు, మూసివున్న గాజు గోడల వెనుక పొగ నిండి సుమారు 90 మంది మరణించారు. వాణిజ్య భవనం ముఖమంతా గాజుతో మూసేవారు తెరుచుకొనే భాగాలను కూడా ఉంచి, అవి బయటివారికి తెలిసేలా గుర్తు పెట్టవలె.

నియమాలు లేవనటానికి వీలు లేదు. భద్రతా గాజుకు ఐ.ఎస్. 2553 ప్రమాణమున్నది, 2020లో కేంద్ర ప్రభుత్వం దానికి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు కూడా ప్రకటించింది. భవనాలలో గాజు వాడకానికి ఐ.ఎస్. 16231 ఉన్నది, అందులో నాలుగవ భాగం మనుషుల తాకిడికి సంబంధించినదే. కాని గాజు మూలనున్న ముద్ర ఆ గాజు ఏ రకమో చెబుతుంది గాని, అది పెట్టిన చోటికి తగినదో కాదో చెప్పదు. మంచి మందును చెడ్డ రోగానికి ఇచ్చినట్లు, ముద్ర ఉన్న గాజును తగని చోట అమర్చవచ్చును. ఆ బాధ్యత నక్షా గీసినవారిది, కట్టినవారిది. ఇల్లు కొనేవారికి పాలరాయి రంగుల పట్టిక చూపే సంస్థలు గాజు వివరాల కాగితం చూపటానికి ఎందుకు వెనుదీస్తాయో తెలియదు. పొరల గాజుకు ఖర్చెక్కువ అనేది నిజమే. కాని బాల్కనీ పలకల మీద మిగిల్చిన సొమ్ము ఇంటి వెలలో ఎన్నవ వంతు?

ఇల్లు కట్టి ఉన్నవారు తామే కొంత పరీక్షించుకోవచ్చు. అంచు కనిపిస్తే చూడండి: పొరల గాజులో మధ్యన సన్నని గీత ఉంటుంది. గట్టిపరచిన గాజును గుర్తించటానికి పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు చాలు. ఉదయమో సాయంత్రమో ఆకాశపు వెలుగు పడేటప్పుడు వాటిలో నుంచి చూస్తే గాజులో వరుసగా మసక చుక్కలో చారలో కనబడతాయి. చల్లార్చిన గాలి ధారల జాడలవి. మా విద్యార్థులు కారు అద్దాల మీద ఈ ప్రయోగం చేసి ఎంతో సంబరపడ్డారు.

మా బావమరిది ఇంట్లో ఆ సాయంత్రమే ఈ పరీక్ష చేశాం. చుక్కలు కనిపించాయి. అంచున గీత కనిపించలేదు. ఒంటి పలక. హీట్ సోక్ పరీక్ష జరిగిందా అని కట్టినవారిని అడిగితే అటువంటి కాగితమేదీ రాలేదు. ముక్కలను పట్టి ఉంచే ప్లాస్టిక్కు పొరను పైన అంటించవచ్చును గాని, చట్రానికి బిగించనిదే పలక మొత్తం ఊడి పడకుండా అది ఆపలేదు. అందుచేత గాజుకు లోపలి వైపున, పిల్లవాడి తల దూరనంత దగ్గరగా ఉక్కు కడ్డీలు నిలువుగా పెట్టించాడు. అందం చెడిందని మా చెల్లెలు కొంత నొచ్చుకున్నది. పిల్లవాడు మాత్రం కడ్డీలు పట్టుకొని బస్సులను లెక్కపెడుతూనే ఉన్నాడు. కింద నడిచేవారి సంగతి ఇంకా మిగిలే ఉన్నది. పలకలు మార్చమని నివాసుల సంఘం తరఫున ఉత్తరం వెళ్లింది. జవాబు రావలసి ఉన్నది.