లెక్కకు అందని మనుషులు

అంటువ్యాధుల గణితం చెప్పేటప్పుడు బోర్డు మీద ముందుగా మూడు సున్నాలు చుడతాను: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. పెళ్లి బంగారం కోసం ప్రొద్దుటూరుకు రాని కుటుంబాలు ఈ చుట్టుపక్కల తక్కువ. పులివెందుల అరటి ఎంత దూరమైనా పోతుంది. ఇలా తిరిగే జనంతో పాటు రోగమూ తిరుగుతుంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాడు ఇంట్లో పడుకుంటాడు. రోగం లోపలున్నా ఏ బాధా తెలియనివాడు బస్సెక్కుతాడు. ఆ మనిషికి మన లెక్కలో చోటుందా?

1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే శాస్త్రవేత్తలు జనాన్ని మూడు గడులుగా విడదీశారు: రోగం సోకే వీలున్నవారు, సోకినవారు, కోలుకునో చనిపోయో తప్పుకున్నవారు. 1905–06 నాటి బొంబాయి ప్లేగు మరణాలతో దాన్ని సరిచూసుకున్నారు. ఆ నమూనా నాకెంతో ఇష్టం. కానీ లక్షణాలు లేనివారికి అందులో వేరే గడి లేదు.

ఎందుకుండాలో ఒక చిన్న లెక్క చూడండి. అంకెలు ఉదాహరణకే. సోకినవారు 10 మంది. ఆరుగురికి జ్వరం వస్తుంది, నలుగురికి రాదు. జ్వరం వచ్చేవారు ఇద్దరేసికి, రానివారు ఒక్కొక్కరికి అంటిస్తారనుకుందాం. కొత్తవాళ్లు 16 మంది. జ్వరం కనపడగానే ఆ ఆరుగురినీ విడిగా ఉంచితే కొత్తవాళ్లు నలుగురే, రోగం అణిగిపోవాలి. కానీ జ్వరం రావడానికి ముందు రోజే ఆ ఆరుగురూ ఒక్కొక్కరికి అంటించేసి ఉంటే? ఆరూ నాలుగూ పది. పదిమంది నుంచి మళ్లీ పదిమంది! జ్వరం వచ్చిన ప్రతివాణ్నీ పట్టుకున్నా రోగం ఊళ్లోనే ఉంటుంది.

2020లో ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు ఎం.విద్యాసాగర్ అధ్యక్షతన కొవిడ్ అంచనాల కోసం ఏర్పడ్డ జాతీయ కమిటీ ఈ బయటపడనివారిని లెక్కలోకి తెచ్చింది. అది సరైన పని. అయినా ఫిబ్రవరి 2021కల్లా కొవిడ్ దాదాపు సద్దుమణుగుతుందన్న దాని అంచనా, ఏప్రిల్, మే నెలల రెండో అల ముందు నిలవలేదు. నమూనాలో గడి గీయడం ఒక ఎత్తు. అందులో ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఎలా మారుతున్నారో తెలుసుకోవడం ఇంకో ఎత్తు. అది కాగితం మీద తేలదు, వీధుల్లో తిరిగితేనే తేలుతుంది.

మన ఆంధ్రప్రదేశ్ అలా తిరిగింది. 2020లో జరిపిన సీరో సర్వేలో 19.7 శాతం మంది రక్తంలో యాంటీబాడీలు కనిపించాయి. ఐదు కోట్ల పైచిలుకు జనాభాలో అది సుమారు కోటి మంది. సెప్టెంబరు మొదటి వారానికి రికార్డుల్లో ఉన్న కేసులు 5 లక్షలు. అంటే ఒకరు పేరు రాయించుకుంటే, పందొమ్మిదిమంది ఏ పుస్తకానికీ ఎక్కలేదు. వాళ్లలో జ్వరం వచ్చినా పరీక్షకు పోనివారూ ఉంటారు, నిజమే. కానీ జ్వరమే రానివారిని ఆస్పత్రి ఓపీ చీటీలు ఎప్పటికీ చూపించలేవు.

అందుకే నా విన్నపం. రేపు మీ వీధికి ఆరోగ్య సిబ్బంది రక్త నమూనాల కోసం వస్తే, “నాకేం జబ్బు లేదు కదమ్మా, నాతో ఏం పని?” అని పంపేయకండి. ఆ లెక్కకు కావలసింది ఏ జబ్బూ లేదనుకుంటున్న మీరే. కాస్త రక్తం ఇవ్వండి.